యాత్రాగ్రంథము, దాని కట్టు

గ్రంథమను మాటకు మూలమున ఉన్న అర్థము కూర్చుట, ముడివేయుట. సూత్రమనగా దారము. తాటియాకులకు రంధ్రము వేసి, త్రాడు దూర్చి, రెండు పలకల నడుమ బిగించి కట్టిన కవిలెను ఒక్కసారి చూచినవారికి ఈ మాటలను వివరింప నక్కరలేదు. అయినను నేటి మన విమర్శలో గ్రంథపు కట్టునకు దక్కునది చిట్టచివరి వాక్యము మాత్రమే. వస్తువును గూర్చియు, శైలిని గూర్చియు పుటలకొలది వ్రాసి, తుదకు ముద్రణ నిర్దుష్టముగా ఉన్నదనియో, అట్ట కన్నులపండువుగా ఉన్నదనియో ఒక్క మాటతో ముగింతుము.

ఈ అలవాటు అన్ని రచనలకు ఒకే తీరున హాని చేయదు. నాటకము రంగముమీద బ్రతుకును. పద్యము నోటిలో బ్రతుకును. యాత్రారచనకు పుట తప్ప వేరు తావు లేదు. పాఠకుడు పుట త్రిప్పుటయే అందలి నడక. కావున దానిని ఏ ఆకారమున కూర్చితిమన్న ప్రశ్న, దానిని ఎట్లు అర్థము చేసికొంటిమన్న ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా ఉన్నది. ఈ మాటను పరీక్షించుటకు తెలుగువారికి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను మించిన ఉదాహరణము లేదు.

వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషిగా పనిచేసినవాడు. ఒకరి మాటను వేరొకరి భాషలో చెప్పి జీవించినవాడగుటచే అనువాదకులకు ఆయన కులపెద్ద వంటివాడు. ఆయన 1830 మే 18వ తేదీన సుమారు నూరుగురు పరివారముతో చెన్నపట్టణము విడిచి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయను, కలకత్తాను, జగన్నాథమును చూచుకొని 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. ఈ 15 నెలలకు పైబడిన ప్రయాణములో తాను చూచినవానిని, తలపోసినవానిని ఎప్పటికప్పుడు వ్రాసి మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపుచుండెను. వీరాస్వామయ్య 1836లో మరణించెను. రెండేండ్ల తరువాత, 1838లో, శ్రీనివాసపిళ్ల ఆ వ్రాతను అచ్చువేయించెను. రెండవ కూర్పు 1869లో వెలువడినది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు వివరణలతో మూడవ కూర్పును ప్రకటించిరి.

ఈ తేదీలలో ఒక విశేషము దాగియున్నది. రచయిత తన పుస్తకమును చూడలేదు. ఆయన పంపినవి మజిలీ మజిలీకి మడిచిన కాగితములు. వానికి మొదలు తుద కల్పించి, పుటలకు వరుస ఏర్పరచి, ఒక అట్టలో నిలిపినవాడు మిత్రుడు. కాశీయాత్ర చరిత్రను మనము నేడు ఒక గ్రంథమనుచున్నామన్నచో అది శ్రీనివాసపిళ్ల తీసికొన్న నిర్ణయము. దానిని చరిత్రపరిశోధకునికి అక్కరకు వచ్చు ఆధారగ్రంథముగా మార్చినవారు శివరావుగారు. మూలము ఒక్కటియే అయినను చేతికి వచ్చిన పుస్తకములు వేరు వేరు. మొదటిది స్నేహితుని స్మృతిచిహ్నము. మూడవది విద్వాంసుని బల్లమీది పరికరము. ఈ రెండింటికిని మనము ఋణపడియున్నాము. అయినను దారిన నడచుచు వ్రాసిన కాగితముల స్వభావము ఈ రెండు ఆకృతులలోను కొంత మరుగుపడినదని నా అభిప్రాయము.

ఇటువంటి కథ నేనున్న ప్రాంతమునకు సంబంధించిన వేరొక రచన విషయమునను జరిగినది. నేడు జార్ఖండు రాష్ట్రములో చేరియున్న పాలామూ అడవులను గూర్చి సంజీవచంద్ర చట్టోపాధ్యాయుడు వంగభాషలో వ్రాసిన ‘పాలామౌ’ 1880 మొదలు ‘బంగదర్శన్’ పత్రికలో విడివిడి భాగములుగా వెలువడినది. డిప్యూటీ మేజిస్ట్రేటుగా చూచిన అడవిని ఆయన ఎన్నో ఏండ్ల తరువాత, ముదిమిలో, జ్ఞాపకమునకు వచ్చిన వరుసలో చెప్పెను. 1889లో ఆయన మరణించిన తరువాత తమ్ముడు బంకించంద్రుడు అన్నగారి రచనలను ఏర్చి ‘సంజీవనీ సుధ’ అను సంపుటముగా కూర్చెను. అచ్చట మిత్రుడు, ఇచ్చట తమ్ముడు. యాత్రికుడు విడిచిపోయిన మూటను విప్పి మరల కట్టినవారు వేరొకరే. సంజీవచంద్రుని ప్రతిభ సంపన్నమైనదే కాని ఇల్లు సర్దుకొను గృహిణి నేర్పు దానికి లేదని రవీంద్రనాథుడు ‘ఆధునిక సాహిత్య’ (1907)లో అభిప్రాయపడెను. ఆ తీర్పు న్యాయమైనదే. అయితే యాత్రావ్యాసమునకు సర్దుబాటు ఎంతవరకు మేలు చేయునన్న ప్రశ్న దానివలన తీరదు. దారి తప్పి చెట్టుక్రింద కూర్చుండి మాటలాడుటయే ఆ రచనలోని రసమైనప్పుడు, దారిని చక్కదిద్దినవాడు రసమును కూడ తుడిచివేసిన వాడగును.

వీరాస్వామయ్యలోను ఇట్టి చిక్కు కలదు. ఊరిపేరు, దూరము, ఇసుకదారియో రాతిదారియో, బావినీరు మంచిదో ఉప్పనో, దిగుటకు చావడి గలదో లేదో అని వరుసగా చెప్పుకొనిపోవుచు, నడుమ ఉన్నట్టుండి దైవమును గూర్చి, ఆచారమును గూర్చి, దొరతనమును గూర్చి దీర్ఘమైన ఆలోచనలోనికి దిగును. చరిత్రకారుడు మొదటివానిని ఏరుకొనును, తాత్త్వికుడు రెండవవానిని ఏరుకొనును. పాఠ్యపుస్తకములు చేయువారు ఏదో ఒక పట్టణవర్ణనను కత్తిరించుకొందురు. ఈ కత్తిరింపులన్నింటిలోను పోవునది ఒక్కటే: పల్లకిలో కదలుచున్న మనిషికి బావినీరును, బ్రహ్మవిచారమును ఒకే ఉదయమున కలిగెనను సత్యము. ఈ గ్రంథపు ఏకత్వము అందులోనే ఉన్నదని నా వాదము.

ఈ వాదము నాకు పుస్తకములు చదువుటవలన కలుగలేదు. కొన్నియేండ్ల క్రిందట శిథిలమైన ఒక పాత కాశీయాత్ర ప్రతిని కట్టించుటకు ఒకచోట ఇచ్చితిని. దాని అంచులలో పూర్వపు యజమాని ఎవరో పెన్సిలుతో, ఊరిపేర్లకు ఎదురుగా, తాను ఆ ఊరు చేరిన తేదీలు వ్రాసికొనియుండెను. వీరాస్వామయ్య దారిని పట్టుకొని నడచిన వేరొక యాత్రికుడన్నమాట. పుస్తకము చక్కని ఎఱ్ఱని కాలికో అట్టతో, బంగారు అక్షరములతో తిరిగి వచ్చినది. అంచులు సమానముగా కోయుటకై యంత్రమున పెట్టుటచే ఆ తేదీలు సగము సగము తెగిపోయినవి. నెల మిగిలినచోట దినము లేదు, దినము మిగిలినచోట సంవత్సరము లేదు. ఆ దినమున నాకు తోచినది ఇది: పరిష్కర్త కలము ఒక వాక్యమును తీసివేసినచో పీఠికలో చెప్పును, కట్టువాని కత్తి తీసివేసినదానిని ఎవరును చెప్పరు. ఆ పనివానిపై నాకు కోపము లేదు. పుస్తకము అందముగా ఉండవలెనని అందరును కోరునదే ఆయనయు కోరెను. ఏది పుస్తకము, ఏది దాని చెత్త అని ఆయనకు మనము చెప్పియుండలేదు.

అప్పటినుండి నేను స్వయముగా కట్టు నేర్చుకొంటిని. నేను నివసించు గోవింద్‌పూర్ జంషెడ్‌పూరునకు ఆనుకొనియున్న ఊరు. ఈ నగరపు ఉక్కు కర్మాగారము 1907లో స్థాపితమైన టాటా సంస్థది. సాక్చి అను పల్లెకు 1919లో జంషెడ్‌పూరు అని పేరు వచ్చినది. కొలిమి పనులకు శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి వచ్చిన తెలుగు కుటుంబములు ఇచ్చట తరతరములుగా ఉన్నవి. బిస్టుపూరులో వారు కట్టుకొన్న రామమందిరము కలదు. ఇండ్లలో తెలుగు మాట కలదు. అయితే మూడవ తరపు పిల్లలలో పెక్కుమందికి తెలుగు చెవికి తెలియును, కంటికి తెలియదు. వారు చదువునది నాగరి. వారి తాతలలో కొందరికి తెలుగు లిపి వచ్చును, హిందీ అక్షరము సరిగా రాదు. ఒకే అరుగుమీద కూర్చుండువారిరువురు కలిసి చదువదగిన పుస్తకము లేదు. వీరాస్వామయ్య సింహభూమిలో అడుగిడలేదు. కలకత్తానుండి జగన్నాథమునకు పోవు ఆయన దారి దీనికి తూర్పుగా సాగినది. అయినను ఆయన తెలుగునేలనుండి బయలుదేరి హిందుస్థానీ మాటలాడు సీమలలో నెలల తరబడి మెలగినవాడు. ఇచ్చటి కుటుంబముల అనుభవమునకు ఆయన రచన దూరమైనది కాదు. కావున దానిలో కొన్ని మజిలీలను హిందీలోనికి అనువదించి, రెండు భాషలలోను ఒక చిన్న పుస్తకముగా కూర్చి, పండ్రెండు ప్రతులు చేతితో కట్టితిని. ఆ పనిలో నేను తెలిసికొన్నవి విమర్శకు పనికివచ్చునన్న నమ్మకముతో ఇచ్చట చెప్పుచున్నాను.

మొదటి ప్రశ్న పుటల అమరిక. తెలుగంతయు ముందు, హిందీయంతయు వెనుక పెట్టుట సులభము. అట్లు చేసినచో అది రెండు పుస్తకములకు ఒక అట్ట అగును. తాతయు మనుమరాలును వేరువేరు తావుల చదువుకొందురు. కావున ఎడమపుటలో తెలుగు, కుడిపుటలో హిందీ పెట్టితిని. తెరచిన పుస్తకమున ఎదురెదురుగా కనబడు రెండు పుటలును కలసియే ఒక రూపమనియు, ఒంటి పుటను చూచి పుస్తకమును నిర్ణయింపరాదనియు విలియం మారిస్ 1893లో లండనులో ఆదర్శగ్రంథమును గూర్చి చేసిన ఉపన్యాసమున చెప్పెను. లోపలి అంచు అన్నింటికంటె సన్నముగాను, పైయంచు దానికంటె కొంత వెడల్పుగాను, వెలుపలియంచు ఇంకను వెడల్పుగాను, క్రిందియంచు అన్నింటికంటె పెద్దదిగాను ఉండవలెనని ఆయన నియమము. ఆయన దానిని ఒకే భాషలోని పుటల అందమునకై చెప్పెను. రెండు భాషల పుస్తకమునకు అది మర్యాదకు సంబంధించిన విషయమగును. లోపలి అంచు సన్నగిలినకొలది రెండు భాషలు దగ్గరకు జరుగును.

అయితే ఈ రెండు లిపులు ఒకే కొలతకు లొంగవు. నాగరి తలకట్టు ఒక గీతవలె సాగిపోవును. తెలుగు అక్షరము గుండ్రని దగుటచేతను, వత్తులు క్రిందికి దిగుటచేతను పంక్తుల నడుమ ఎక్కువ ఎడము కోరును. రెండింటిని ఒకే పరిమాణమున అమర్చినచో నాగరి పెద్దగాను, తెలుగు ఇరుకుగాను కనబడును; మూలము అనువాదమునకు తోకవలె నుండును. అక్షరములను కంప్యూటరుమీద మార్చి మార్చి చూచి, తెలుగును ఒక మెట్టు పెంచి, పంక్తి ఎడమును దాని వత్తుల ననుసరించి నిర్ణయించి, నాగరిని ఆ ఎడమునకు ఒదిగించితిని. ఈ కొలతలో ఏ భాష ఆతిథేయి, ఏది అతిథి అన్న నిర్ణయము ఇమిడియున్నది.

ఎదురెదురు పుటలు అనువాదకుని దోషములను కూడ దాచనీయవు. వీరాస్వామయ్య తెలుగులో మజిలీ, బస్తీ, సవారీ వంటి మాటలు స్వేచ్ఛగా దొరలును. ఇవి హిందీ పుటలో యథాతథముగా నిలుచునని తలచితిని. ‘మజిలీ’ వద్ద చేయి ఆగినది. అరబ్బీ ‘మన్జిల్’ అనగా దిగుచోటు. తెలుగువాడు ఆ అర్థమును నేటివరకు నిలుపుకొన్నాడు. మజిలీ అన్నచో రాత్రికి ఆగి తెల్లవారి విడిచిపోవు తావు. నేటి హిందీలో ‘మంజిల్’ మేడ అంతస్తు, లేదా చేరవలసిన తుది గమ్యము. ఆ మాటనే పెట్టినచో ప్రతి చిన్న పల్లెయు యాత్రికుని జీవితాశయమైపోవును. కావున ‘పడావ్’ అని మార్చితిని. అక్కచెల్లెండ్రవంటి రెండు మాటలను విడదీయుట బాధాకరమే. కాని ఈ బాధయే నాకు పుస్తకపు ఆకృతిని చూపినది. ఇది గమ్యముల పుస్తకము కాదు, దిగుచోటుల పుస్తకము. అట్లయినచో దాని కట్టు కూడ దిగుచోటుల కట్టు కావలెను.

హిందీ కట్టుపనివారు కాగితములను మడిచి ఫారములుగా చేసి, ఒక్కొక్క ఫారమును వెన్నుమీదుగా దారముతో కుట్టు పద్ధతిని ‘జుజ్‌బందీ’ అందురు. జుజ్ అనగా భాగము. ఒక్కొక్క మజిలీ ఒక్కొక్క జుజ్ కావలెనని నేను నిశ్చయించితిని. దారము ఒక మజిలీ నుండి వేరొక మజిలీకి ప్రయాణము చేయును. ఊహ బాగుగనే ఉన్నది. ఆచరణలో చేసిన తప్పును ఒప్పుకొనవలెను. ఫారములన్నియు 16 పుటలుగా సమానముగా ఉండవలెనన్న పట్టుదలతో, పొడవైన మజిలీలలోని ఆలోచనలను అక్కడక్కడ తగ్గించితిని. రెండు ప్రతులు కుట్టిన పిమ్మట చదువుకొన్నచో వీరాస్వామయ్య మాయమై, ఊర్ల పట్టిక మిగిలినది. అంచులు కోసిన పనివానిని నొచ్చుకొన్న నేను అంతకంటె లోతుగా కోసితిని. ఆయన కోసినది పెన్సిలు వ్రాత, నేను కోసినది మూలము. ఆ రెండు ప్రతులను విప్పివేసి, తీసివేసిన వాక్యములను మరల చేర్చి, ఫారములను 8, 12, 16, 20 పుటలుగా హెచ్చుతగ్గులతో కట్టితిని. వెన్నుమీద కుట్లు ఇప్పుడు సమదూరమున లేవు. దారి కూడ సమదూరమున లేదు.

మిగిలినవి చేతిపని విషయములు. వానిని క్లుప్తముగా చెప్పెదను. కాగితమునకు నార వాలు కలదు. అది వెన్నునకు సమాంతరముగా ఉండవలెను. నా మొదటి ప్రతిలో అడ్డముగా పడుటచే పుటలు విసనకఱ్ఱవలె లేచి నిలిచినవి, జిగురు తడికి అలలు తేలినవి. జిగురు మైదాపిండితో కాచినది. పురుగు పట్టకుండ రవ్వంత మైలతుత్తము కలుపుట పాతపద్ధతి. దారమునకు మైనము పూసి, ఫారములను బట్టపేటికలమీద కుట్టితిని. వెన్నునకు మందముగా జిగురు పోయలేదు. ఇట్లు కట్టిన పుస్తకము ఎచ్చట తెరచినను పరుండును, చేయి తీసినను మూసికొనదు. విడి పుటల వెన్నున జిగురు మాత్రము పూసి అతికించు నేటి చవుక పుస్తకములు రెండు చేతులతో అదిమి పట్టినగాని తెరచుకొనవు. ఇద్దరు కలసి చదువవలసిన పుస్తకమునకు అది ప్రాణాంతకము.

అట్టకు పొందూరు ఖద్దరు వాడవలెనని మొదట కోరిక కలిగినది. అది మా వారి పుట్టినసీమ నేత. కాని ఆ బట్ట మిక్కిలి సన్ననిది. జిగురు ఇవతలికి ఊరి మరకలు పడినవి. ఆ కోరిక నా అభిమానమునకు సంబంధించినదే కాని గ్రంథము కోరినది కాదని తెలిసి, ముతక ఖాదీకి లోపల కాగితము అతికించి, వంగునట్టి మెత్తని అట్ట చేసితిని. సంచిలో పెట్టుకొనదగిన క్రౌను ఆకారము. బంగారు అక్షరములు లేవు. పుణ్యగ్రంథమువలె పట్టుబట్టలో చుట్టి పెట్టెలో దాచు పుస్తకము యాత్రికునికి అవమానమని నా నమ్మకము.

ఈ సందర్భమున రాహుల్ సాంకృత్యాయనుని తలవకుండుట సాధ్యము కాదు. ‘ఘుమక్కడ్ శాస్త్ర్’ను ప్రకటించి, సంచారమునకు బ్రహ్మజిజ్ఞాస వలె ఒక సూత్రవాక్యమును శీర్షికగా నిలిపినవాడు ఆయన. 1929 నుండి 1938 వరకు నాలుగు మారులు టిబెట్టు పోయి, అచ్చటి మఠములలో దాగిన సంస్కృత తాళపత్రములను వెలికితీసి, మోసికొనివచ్చిన గ్రంథములను పాట్నా మ్యూజియమునకు చేర్చెను. టిబెట్టు పోథీ కుట్టులేని పుస్తకము. పొడవైన విడి ఆకులు, పైన క్రింద కొయ్యపలకలు, చుట్టు బట్ట. విప్పినచో మఠమున పదిమంది తలకొక ఆకు పంచుకొని చదువవచ్చును, కట్టినచో కంచరగాడిద వీపున ఎక్కును. సంచారమునకును గ్రంథపు కట్టునకును గల బంధుత్వము అచ్చట కంటికి కనబడును.

ఇంతవరకు చెప్పినదానికి ఒక ఆక్షేపణ వచ్చును. పండ్రెండు ప్రతులు కట్టుట ఒక వినోదము. దానికి విమర్శయను పేరెందుకు? 1941 కూర్పు వందలాది పాఠకులకు చేరినది. నేడు దాని స్కాను ప్రతి అంతర్జాలమున ఎవరికైనను లభించును. ఆక్షేపణలో బలము కలదు. గ్రంథమును బ్రతికించునది విస్తృతముద్రణయే. నా పండ్రెండు ప్రతులు ఒక వీధిని దాటవు. శివరావుగారి వివరణలు లేనిదే నేను సగము ఊర్లను గుర్తించియుండను. నేను చెప్పదలచినది వేరు. విమర్శకుడు ఏకత్వమనియు, గమనమనియు తేలికగా మాటలు వాడును. సూదియు దారమును పట్టుకొన్నప్పుడు ఆ మాటలకు కొలతలు కావలసివచ్చును. ఏది ఒక భాగము, ఎచ్చట తెగును, ఎచ్చట తెగరాదు అని నిర్ణయింపక కుట్టు వేయజాలము. కాశీయాత్రలోని ఆలోచనలను విడిగా తీయరాదని పూర్వము నేనును చెప్పియుంటిని. తీసి చూచి నష్టపడిన పిమ్మటనే అది నాకు నిజముగా తెలిసినది.

ఒక ప్రతిని మా వీధిలోని ఒక వృద్ధునికి ఇచ్చితిని. ఆయన కర్మాగారమునుండి విశ్రాంతి పొందినవాడు. సాయంకాలము అరుగుమీద మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పుస్తకమును ఇరువురి మోకాళ్లమీద పరచెను. అది పరుండియున్నది, అంతవరకు నా పని నెరవేరినది. ఆమె హిందీ పుట చదువుచుండగా ఆయన తెలుగు పుటమీద వ్రేలు నడిపించుచుండెను. ఒకచోట ఆపి, “పడావ్ అన్నావు కదమ్మా, ఇక్కడ మజిలీ అని ఉంది చూడు” అనెను. “మంజిలా తాతా?” అని ఆమె అడిగెను. “కాదమ్మా. మంజిల్ అంటే చేరిపోయినట్టు. మజిలీ అంటే పొద్దున్నే మళ్లీ లేవాలి” అని ఆయన చెప్పెను.

నేను ఒక పీఠికలో చెప్పదలచి చెప్పలేకపోయిన మాట అది. మరునాడు ఆమె వచ్చి ఆ పుటలోని తెలుగు అక్షరములలో ‘మ’ ఏదో, ‘జ’ ఏదో చూపుమని అడిగినది. ఆ పుట అంచు వెడల్పుగా ఉంచితిని కనుక, అక్కడనే పెన్సిలుతో వ్రాసి చూపితిని. ఆ అంచును ఇకమీదట ఎవరును కోయకుందురుగాక.